సోమవారం దిగిన బంతి

కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ఇరవై ఏడేళ్లు కోచ్‌గా ఉన్న ఆదికేశవులు మాస్టరు అబద్ధం ఆడడు. జరిగినదానికి కాస్త గాలి కొడతాడు, అంతే. గాలి కొట్టనిదే బంతయినా ఎగరదు గదా అని ఆయన వాదన.

చూలై పేటలో చెంగమ్మ టీకొట్టు ముందు ఆ సాయంత్రం ఆయనకు గాలి కొట్టే అవసరం మామూలుకంటే ఎక్కువగానే పడింది. ఏప్రిల్‌లో కాలేజీవాళ్లు మెడలో దండ వేసి, ఫోటో తీసి, ఇంటికి పంపించేశారు. అప్పటినుంచి రోజూ ఐదింటికల్లా లేచి బూట్లు కట్టుకోవడం, పోవడానికి చోటులేక మళ్లీ విప్పుకోవడం. ఆ బాధ పెళ్లానికి కూడా చెప్పుకోలేదు మనిషి. తిరువొత్తియూరులో రేకు డబ్బాల ఫ్యాక్టరీ జట్టుకు కోచ్ కావాలట అని తెలిసి కబురు పెడితే, సూపర్వైజరు రామసామి స్వయంగా వచ్చి ఎదురుబెంచీ మీద కూర్చున్నాడు. మాటకు కరువొచ్చిన మనిషి. ఈయన ఔనంటే మాస్టరుకు మళ్లీ మైదానం, కాదంటే ఆ బూట్లు ఇక అటకమీదికే.

పక్కన కోదండపాణి ఉన్నాడు. రాజమండ్రినుంచి వచ్చి సినిమా కంపెనీలో సంభాషణలు సాపు రాస్తుంటాడు. మాస్టరు కబుర్లుంటే టీ చల్లారిపోయినా పట్టించుకోడు.

“పెద్దగా చెప్పుకునేదేం లేదు సార్,” అని వినయంగా మొదలుపెట్టాడు మాస్టరు. “మునికృష్ణ అని ఒక పిలకాయ. చేరినప్పుడు వానికి బంతి యాడుండాదో కాలు యాడుండాదో తెలీదు. నేను నేర్పించింది ఒకటే, బంతిని అడుగున తన్నడం. ఎన్నూరు ఇసకలో, ఉత్తకాళ్లతో, మూడు నెలలు. బంతి గూడా కాదు సార్, టెంకాయ.”

“టెంకాయేంటండీ!” అన్నాడు కోదండపాణి.

“పీచు తియ్యని టెంకాయ. మొదటి నెల వాని కాలు వాచె. రెండో నెల టెంకాయ వాచె. మూడో నెలకు వాడు తంతే పీచు ఒక పక్క, చిప్పలు ఒక పక్క, కొబ్బరి విడిగా వచ్చి పడేది. ఆ ఊరి ఆడోళ్లు గిన్నెలెత్తుకోని వరసగా నిలబడేవాళ్లు, చట్నీకి.”

రామసామి ఒక గుక్క టీ తాగాడు. ముఖంలో ఏ మార్పూ లేదు. నమ్మాడో లేదో తెలియక మాస్టరు ఇంకాస్త ముందుకు జరిగాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముప్పై ఎనిమిదో సంవత్సరం, ఒక శనివారం ఫైనలు. అవతల దొరల పటాలం జట్టు. ఒక్కొక్కడు తలుపంత ఉండాడు, కాళ్లకు మేకుల బూట్లు. మనోళ్లకు మడమకు గుడ్డపట్టీ, అంతే. ఒకటికి ఒకటి మీద ఆట నిలిచింది, ఇంకొక్క నిమిషమే ఉండాది. నేను మైదానం గీత పక్కన నిలబడి ఇట్ల ఒక వేలు పైకి చూపించినా. మునికృష్ణకు అర్థమైపోయె. తన్నినాడు సార్.”

“గోలా?”

“తొందరెందుకు నాయనా? బంతి పైకి పోయె. పోయె, పోయె, నిమ్మకాయంత అయ్యె, ఆవగింజంత అయ్యె, ఇంక కనపళ్లా. రెఫరీ గడియారం చూస్తాడు, ఆకాశం చూస్తాడు. టైమైపోయింది. అయినా బంతి కిందికి రాకుండా విజిలెట్ల ఊదేది అంటాడు. దొర గదా, రూలంటే రూలే. ఇరవైరెండు మందీ మెడలెత్తుకోని నిలబడినారు. జనం ఇండ్లకు పోయి అన్నం తిని వచ్చినారు. బంతి మాత్రం రాలేదు.”

“మరెప్పుడొచ్చిందండీ?”

“శనివారం తన్నింది గదా. ఆదివారం పొద్దున ఎన్నూరునుంచి ఒక జాలరి పరిగెత్తుకోని వచ్చె. సామీ, మబ్బుల్లో గుండ్రంగా ఏదో పోతాండాది, గద్దలు పక్కకు తొలిగి దారిస్తాండాయి అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సోమవారం పొద్దున దొరల గోలీకి, అదే గోలు కాసేవానికి, పెండ్లి! ముందే పెట్టుకున్న పెండ్లి, పాపం వాడేం చేస్తాడు? చర్చికి పోయినాడు. ఈమెను పెండ్లాడతావా అని పాదిరి మూడుసార్లు అడిగితే వాడు పైకప్పుకేసే చూస్తాండాడు. పెండ్లికూతురు ఒకటే ఏడుపు. సరేనని ఎట్లనో వేలికి ఉంగరం తొడిగినాడు సార్, సరిగ్గా ఆ నిమిషాన బంతి దిగె. ఖాళీ గోల్లోకి. ముట్టుకుంటే మంచుగడ్డ. దానిమీద పిచ్చుకగూడు, గూట్లో రెండు గుడ్లు.”

“గుడ్లు కూడానా! పిల్లలయ్యాయాండీ?”

“ఒకటే. రెండోది మురిగిపోయె. ఉన్నది ఉన్నట్టు చెప్పాల గదా.”

రామసామి మొదటిసారి నోరు విప్పాడు. “ఆ మూడు దినాలూ మీరు యాడుండారు సార్?”

“గీత పక్కనే. కదల్లేదు. రెప్ప వాల్చలేదు.”

గ్లాసులు కడుగుతున్న చెంగమ్మ చెయ్యి ఆగింది. ముప్పై ఏళ్లుగా కొట్టు నడుపుతున్న మనిషి, ఒకరి టీ ఇంకొకరికి ఇచ్చి ఎరగదు, ఒకరి మాట ఇంకొకరిది చేసీ ఎరగదు.

“గీత పక్కన యాడన్నా? ఆ ఫైనలు నాడు ఈడనే గదా కూచోనుంటివి,” అంది. రామసామివైపు తిరిగి, “ఆ ఒక్కటే కాదు సామీ, ఆటుంటే చాలు, మైదానం రెండు వీధులవతల, ఈయన ఈడ. పిలకాయలే దండం పెట్టి తెచ్చి దిగబెట్టి పోయేవాళ్లు.”

“ఎందుకు?”

“కొత్తల్లో ఒక ఆటలో ఈయన గీతకాడ నిలబడి గోలీని పేరు పెట్టి కేకేసినాడు. అయ్యవారు పిలిస్తే పలక్కుండా ఉంటాడా? వాడు బంతికి వీపు చూపించి, చేతులు కట్టుకోని, చెప్పండయ్యా అని నిలబడె. గోలు పడిపోయె. ఇంకో ఆటలో ఏమప్పా చూస్తాండారు అని అరిస్తే పదకొండుమందీ చేతులు కట్టుకోని వరసగా నిలబడినారు. అవతలోళ్లు నడుచుకుంటా పోయి గోలేసినారు. ఇంక పిలకాయలకు వేరే దారి లేకపోయె. నేర్పేది మీరే నేర్పండయ్యా, ఆడేటప్పుడు మాత్రం కనపడొద్దండి అని వేడుకున్నారు.”

కోదండపాణి నవ్వబోయి మాస్టరు ముఖం చూసి మానుకున్నాడు. చెంగమ్మ చెప్పినదాంట్లో ఒక్క పొల్లుమాట లేదు. తన జట్టు గోలు వేస్తుంటే కళ్లారా చూసి ఆయనకు ఇరవై నాలుగేళ్లయింది. రెండు వీధులవతల జనం కేక వినడం, ఇది మునికృష్ణదై ఉంటుంది, ఇంత ఎత్తు లేచి ఉంటుంది అనుకోవడం, ఇంతే ఆయన చూసిన ఆటంతా. సిగ్గుతో మాస్టరుకు తల ఎత్తబుద్ధి కాలేదు. పోయింది, ఈ ఉద్యోగమూ పోయింది అనుకున్నాడు.

“ఈయన ఈడ కూచున్న ఆటల్లో ఎన్ని ఓడిపోయినారమ్మా?” అని అడిగాడు రామసామి.

“ఉండబట్టలేక మైదానానికి లేచి పోయి చూసినాడే, ఆ నాలుగే.”

రామసామి గ్లాసు బెంచీమీద పెట్టి, కండువా దులుపుకుని లేచాడు.

“రేపటినించి వచ్చేయండి సార్. మా ఆటలకు మీరు గీత పక్కనే నిలబడొచ్చు. ఎంత కావాలంటే అంత అరవొచ్చు. మావాళ్లలో ఒక్కడూ తిరిగి చూడడు.”

మాస్టరు తలెత్తాడు. “నిజంగా తిరగరా సార్?”

“ఆరేండ్లుగా నేను వాళ్ల సూపర్వైజర్ని సార్. రోజూ పిలస్తానే ఉండా.”