కట్టమ్మ ముట్టుకున్న మిషను

నా పేరు బానోతు భోజ్యా. తండ్రి లక్ష్మా. వయసు ముప్పై నాలుగు. మా తండా నర్మెట్ట మండలంలో ఉంది. ఏడో తరగతి వరకు చదివాను. పదకొండేళ్లుగా జనగామలో ఫ్రిజ్‌లు, బట్టలు ఉతికే మిషన్లు బాగు చేస్తున్నాను. ఈ రోజు 23-06-2011, గురువారం, పొద్దున పది గంటలకు జనగామ పోలీస్ స్టేషన్‌కు వచ్చి ఎస్సై గారి ఎదుట చెబుతున్నాను. నన్ను ఎవరూ పిలవలేదు.

20వ తేదీ సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు కాలేజీ లెక్చరర్ రజని మేడం ఫోన్ చేశారు. గిన్నెలు కడిగే మిషను కింద నీళ్లు కారుతున్నాయని, ఫ్యూజు కూడా పోతోందని చెప్పారు. జనగామలో అటువంటి మిషను నేను చూసింది అదొక్కటే. అంతకుముందు రెండుసార్లు దానికి పని చేశాను. పది గంటలకు వాళ్లింటికి చేరాను.

వంటింట్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. చెప్పులు విప్పబోతే మేడం వద్దన్నారు. రబ్బరు చెప్పులతోనే లోపలికి వెళ్లాను. ఆ ఇంట్లో పనిచేసే కట్టమ్మ గుడ్డతో నీళ్లు పిండుతోంది. ఆమెకు చెప్పులు లేవు. వంటింట్లో ఆమె ఎప్పుడూ చెప్పులు వేసుకోదు.

నన్ను చూసి, "రా తమ్మీ. గిది నాకు తోడికోడలయింది. కడుగుడేమో దాని వంతు, ఎత్తిపోసుడు నా వంతు" అన్నది.

మిషను వెనక నీళ్లు వచ్చే పైపు చూశాను. పొడిగా ఉంది. నీళ్లు పోయే గొట్టం కూడా పొడిగానే ఉంది. తలుపు చుట్టూ ఉండే రబ్బరు ఎక్కడా చినగలేదు. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలియాలంటే మిషను నడవాలి. నడిపితే ఫ్యూజు పోయింది. కొత్త తీగ వేశాను. మళ్లీ పోయింది. అప్పుడు ప్లగ్గు విప్పి ఎర్తు వైరు, అంటే ఆకుపచ్చది, ఊడదీసి టేపు చుట్టాను. ఎర్తు తీస్తే ఫ్యూజు పోదు. మా పనిలో చాలామంది ఇట్లా చేస్తారు. నేనూ చేస్తాను.

మిషను నడిచింది. ఐదు నిమిషాలకు తలుపు కింది అంచు నుంచి నీళ్లు వచ్చాయి. ఆపి, గిన్నెల జాలీ తీసి, అడుగున ఉండే వడకట్టు విప్పాను. దాని నిండా ఎర్రమన్ను ఉంది. రబ్బరు కింద కూడా మన్ను గీతలాగా పేరుకుంది. లోపలి నీళ్లు దిగక పైకి వచ్చి, ఆ సందులోంచి కారి, కింద మోటారును తడిపాయి.

ఈ మన్ను ఎక్కడిదని అడిగాను. ముందురోజు ఆదివారం తెలంగాణ కోసం రోడ్డు మీద వంటా వార్పూ జరిగింది. మేడం ఇంటి బగోన్లు, అంటే పెద్ద వంట గిన్నెలు, రెండు అక్కడికి పోయాయి. కట్టెల పొయ్యి మీద పెట్టే ముందు కట్టమ్మ వాటి అడుగుకు మన్ను పూసింది.

"పూయకుంటే మసి పోతదా తమ్మీ? మా అవ్వ నేర్పింది. నేను బయట తోముతా అంటే మేడమే, చేతులు నొస్తున్నయంటివి గద, దాంట్లనే పెట్టు అన్నది."

మేడం, "అవును భోజ్యా, నేనే అన్న. మన్ను సంగతి నాకేం ఎరుక" అన్నారు.

వడకట్టు కడిగాను. మన్నంతా తీశాను. కింద పేపరు పరిచి ఇరవై నిమిషాలు నడిపాను. పేపరు తడవలేదు. అప్పటికి పన్నెండున్నర. మోటారు దగ్గర తడి అట్లాగే ఉంది. ఎర్తు కలిపితే ఫ్యూజు మళ్లీ పోతుంది. ఫ్యూజు పోతే మిషను బాగు కాలేదంటారు. తడి ఆరినాక రేపు వచ్చి కలుపుదామని అనుకున్నాను. మిషను పై రేకుకు కరెంటు వస్తోందేమో టెస్టర్ పెట్టి చూడలేదు. టెస్టర్ నా జేబులోనే ఉంది.

కట్టమ్మ, "ఇగ వాడుకోవచ్చా?" అని అడిగింది.

"వాడుకో అక్కా" అన్నాను.

21వ తేదీ మంగళవారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు కట్టమ్మ నేల తుడుస్తూ, తడి కాళ్లతో, గిన్నెలు తీయడానికి మిషను తలుపు పట్టుకున్నది. కరెంటు కొట్టింది. నేను అక్కడ లేను. మేడం ఫోన్ చేశారు. నేను దవాఖానకు పోయేసరికి ప్రాణం పోయింది.

ఆ సాయంత్రం ఇదే స్టేషన్‌లో నన్ను అడిగినప్పుడు, మన్ను పూసిన గిన్నెలు పెట్టడం వల్ల మిషను పాడైందని చెప్పాను. అది నిజమే. ఎర్తు సంగతి చెప్పలేదు. అందువల్ల కాగితంలో మృతురాలి అజాగ్రత్త అని వచ్చింది.

నిన్న ఆమె భర్త గట్టయ్య బచ్చన్నపేట నుంచి నా దుకాణానికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"తప్పు నా పెండ్లానిదే అని రాసిండ్రట. నువ్వు మిషను ఇప్పి చూసినవ్ గద తమ్మీ. మన్నుకు పానం పోతదా?" అన్నాడు.

నేను చాయ్ తెప్పించాను. తాగకుండా పోయాడు.

మన్నుకు ప్రాణం పోదు. మన్నుకు నీళ్లు కారతాయి, అంతే. ఎర్తు ఉంటే ఫ్యూజు పోయేది, మనిషి పోయేది కాదు. ఎర్తు తీసింది నేను. మేడంకు చెప్పలేదు. కట్టమ్మకు చెప్పలేదు.

ఇట్లా చెబితే కేసు నా మీదికి వస్తుందని ఎస్సై గారు రెండుసార్లు చెప్పారు. "ఇంటికి పోయి సోచాయించుకొని రా" అన్నారు. "సోచాయించుకునే వచ్చిన సార్" అన్నాను.

నేను చెప్పినది హెడ్ కానిస్టేబుల్ గారు రాసి, నాకు చదివి వినిపించారు. ఒకచోట "ఎర్తు వైరు కలపడం మరిచినాను" అని ఉంది. నేను మరవలేదు. తెలిసే వదిలేశాను. ఆ మాట కొట్టివేయించి, సరిగా రాయించి, పక్కన సంతకం పెట్టాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. చెప్పినది నిజం.

(సంతకం) బానోతు భోజ్యా