టైర్లు అలవాటు పడేదాకా

కాదు, మీరే చెప్పండి. వాడికి అమ్మ మొహం తెలీదు. మనింటికి వచ్చినప్పుడు చొక్కాకు గుండీలు పెట్టుకోవడం కూడా రాదు. మనకు పిల్లలు లేరని ఏనాడన్నా అనుకున్నామా వాడుండగా? మా బామ్మర్ది కాదు, మా పెద్దకొడుకు అని మీరే గదా ఊరంతా చెప్పుకున్నారు.

ఆ చెంచురామయ్యే మీ బండి అమ్మేసినాడు. పొద్దున తోలకపొయ్యినారు.

మీ ఫొటో ముందు కూర్చొని తమ్ముడి మీద చాడీలు చెప్తుండానని అనుకోబాకండి. ఇంకెవరికి చెప్పుకునేది? ఈ మాట గడప దాటిందంటే రేపటికి కోట ఊరంతా తెలిసిపోతాది. అది నాకూ సిగ్గే గదా.

మొదట్నించీ చెప్తా, వినండి.

మీరు పోయినాక మూడేళ్ళు ఆ లాండ్‌మాస్టరు కారు బండ్లకొట్టంలోనే ఉండింది. కింద రాళ్ళు పేర్చి వాటి మీద నిలబెట్టినారు. టైర్లు నెర్రెలిచ్చినాయి. సముద్రపు గాలికి చక్రాలు తుప్పు పట్టి, వేలితో తాకితే పెచ్చులు రాలేవి. వెనకసీట్లో కోళ్ళు గుడ్లు పెట్టేవి. నేను అటు పోయేదాన్నే కాదు. పోతే మీరు స్టీరింగు ముందు కూర్చున్నట్టే ఉండేది.

దసరా ముందర వీడు వచ్చినాడు. పెళ్ళాం ప్రేమలీలను ముత్తుకూరులో వాళ్ళ పుట్టింట్లో దించి, ఒక్కడే ఇంటికొచ్చినాడు.

"బావ బండిని అట్ట కుళ్ళబెడితే ఎట్టక్కా? ఇంజనుకేం కాలా. కొత్త చక్రాలు, కొత్త టైర్లు వేయిద్దాం. నిన్ను తిప్పుతా" అన్నాడు.

బొట్టు లేనిదాన్ని, నాకు తిరుగుళ్ళేందిరా అన్నాను.

"ఏం, నువ్వు గాలి పీల్చుకోకూడదా?" అన్నాడు.

ఆ మాటకే పడిపొయ్యినా. మూడేళ్ళలో నన్ను అట్ట అడిగినోళ్ళు లేరు. తిన్నావా అన్నారు, కౌలు వచ్చిందా అన్నారు. గాలి పీల్చుకుంటావా అని ఎవురడుగుతారు?

పంట డబ్బు తీసి ఇచ్చినా. కాదు, నేను కూడా రావాల్సిందే అన్నాడు. బస్సులో నెల్లూరు పొయ్యినాం ఇద్దరం. షాపులో నాకు కుర్చీ వేయించినాడు. మా అక్కది బండి, ఆమెకు చూపియ్యండి అన్నాడు. నాకెంత గొప్పగా అనిపించిందో మీకు తెలీదు.

కొత్త టైరు ఎప్పుడన్నా తాకి చూసినారా మీరు? చూసే ఉంటారు. మీద సన్న సన్న రబ్బరు వెంట్రుకలుంటాయి, పిల్లిమీసాల మాదిరి. ఆ వాసన బస్సులో ఇంటికొచ్చేదాకా నా చేతికే ఉండింది.

షాపాయన పెద్దమనిషి. ఏం చెప్పినాడంటే, "కొత్త టైరును ఒక్కసారిగా పరిగెత్తించకూడదమ్మా. కొన్నాళ్ళు మెల్లగా తిప్పాల. బరువు ఎక్కించబాకండి, బ్రేకు గట్టిగా తొక్కబాకండి. టైరు చక్రానికి సర్దుకోవాల, రోడ్డుకు అలవాటు పడాల. కొంచెం తిప్పినాక నట్లు ఇంకోసారి బిగించుకోండి" అన్నాడు.

కొత్త కోడలికి చెప్పినట్టే చెప్పినాడు. నేను నవ్వుకున్నా.

గూడూరు నించి మేస్త్రీని పిలిపించి బిగించినారు. రాళ్ళు లాగేసి, బండి మెల్లగా నేల మీదకు దిగినప్పుడు నాకు ఏడుపొచ్చింది. దుఃఖం కాదది. ఏమో, ఏందో చెప్పలేను.

ఆ రోజు నించీ సాయంత్రమైతే బండి తీసేవాడు. ముందుసీట్లో కూర్చోమన్నాడు నన్ను. మీ కాలంలో నేను ఎప్పుడూ వెనకసీట్లోనే గదా, అద్దాలకు గుడ్డలు కట్టుకొని. ఆసుపత్రికో, పెళ్ళికో. తప్పని అనడంలా. నాకూ తోచలా అప్పుడు, ముందు కూర్చుంటే రోడ్డు మొహం మీదకు వస్తాదని.

మాలకొండమ్మ వాళ్ళ అరుగు ముందు నించి పోయేటప్పుడు వాళ్ళు మూతులు తిప్పుకునేవాళ్ళు. తిప్పుకోనీ అనుకున్నా. మీ పెళ్ళాం అట్ట అనుకుందంటే నమ్ముతారా?

తారు మీద ఒక చప్పుడు, కంకర మీద ఒక చప్పుడు. కళ్ళు మూసుకొని కూడా ఏ ఊరు దాటినామో చెప్పేదాన్ని. వాడు మధ్యలో ఆపి, దిగి, టైరు మీద చెయ్యి పెట్టి చూసేవాడు. "వేడెక్కలా అక్కా, బాగా సర్దుకుంటుండాది" అనేవాడు. ఒకరోజు నట్లు బిగిస్తా ఉంటే పానా నేనే అందించినా. చిన్నప్పుడు గాలిపటం కట్టేటప్పుడు దారం పట్టుకోమనేవాడు చూడండి, అట్టనే.

ఒక రోజు అడిగినా, టైర్లు అలవాటు పడినాక నన్ను తిప్పవా అని. "అప్పుడు మద్రాసే పోదాం" అన్నాడు. నా మొహం చూసే అన్నాడు.

తరవాత ఒకాయన రావడం మొదలుపెట్టినాడు. సంజీవరావు గారని, గూడూరులో మందులషాపంట. "టైర్ల సంగతి తెలిసినాయనక్కా, చూస్తానన్నాడు" అని ఎక్కించుకున్నాడు. నెమ్మదైన మనిషి. వెనకసీట్లో కూర్చొని ఇంజను చప్పుడు వినేవాడు, తలుపులు తీసి వేసి చూసేవాడు. స్టెపినీ తీయించి చూసినాడు. టైర్ల మనిషికి తలుపులతో పనేంది అని నాకు తోచొద్దా? తోచలా. వాడు నా తమ్ముడు గదా.

నిన్న కొత్తపట్నం పొయ్యినాం. రోడ్డు సరుగుడు తోపుల కాడ ఆగిపోతాది. అక్కడ బండి నిలిపి ఇసకలో నడిచినాం. పెళ్ళైన కొత్తలో చూసిందే సముద్రం, మళ్ళీ ఇప్పుడే. చెంచురామయ్య పడవలోళ్ళ దగ్గర చేపలు బేరం చేస్తుండాడు. సంజీవరావు గారు నాకు కొంచెం దూరంగా నిలబడి, మెల్లగా అడిగినాడు.

"అమ్మా, మీరేమనుకోకుంటే ఒక మాట. బండంటే మీకు ఇంత ప్రాణం గదా, అమ్మేదానికి మనసెట్ట ఒప్పింది మీకు? మా ఇంటావిడ రెబెక్కమ్మ కూడా అదే అన్నది. బండి మా దగ్గరికొచ్చినాక కూడా మీకు ఎక్కాలనిపిస్తే కబురు పెట్టండి, పంపిస్తాను."

నాకు మొదట అర్థం కాలా. ఎవురి బండి అన్నాను.

ఆయన మొహం మారిపొయ్యింది. పాపం, ఆయనకేం తెలుసు? నేనే అమ్మమన్నానని చెప్పినాడంట వీడు. అడ్వాన్సు కూడా తీసుకున్నాడంట, టైర్లు కొనకముందే.

అర్థమైందా మీకు? కొనకముందే. నెల్లూరులో నాకు కుర్చీ వేయించినప్పటికే బండి ఇంకొకరిది. నన్ను తిప్పలా వాడు. టైర్లు తిప్పినాడు. బరువు ఎక్కించకూడదు గదా, పక్కన ఒక మనిషి ఉంటే చాలు, ఆ మనిషిని నేను.

మళ్ళీ బండెక్కినాం. వెనక పరాయి మనిషి ఉండాడు, ఏం మాట్లాడతా? వీడు నా పక్కన ఈల వేస్తా తోలుతుండాడు. "చూడక్కా, ఎంత మెత్తగా పోతుండాయో" అంటుండాడు.

ఆయన్ని బస్సెక్కించినాక అడిగినా. ఎందుకురా చెప్పలా అన్నాను.

తల దించుకుంటాడనుకున్నా. దించుకోలా. "చెప్తే నువ్వు ఒప్పుకోవు. ఆ డబ్బుతో ముత్తుకూరులో మా మామగారి చేలకు ఆయిల్ ఇంజను కొన్నా. ఇంక అక్కడే ఉంటాం మేము" అన్నాడు.

అట్టయితే నన్నెందుకురా ఊరంతా తిప్పినావు అన్నాను.

"టైర్లు ఎట్టా తిప్పాల్సిందే గదా. నీ సరదా కూడా తీరింది" అన్నాడు.

సరదా అంట.

అమ్మినందుకు కాదు నాకు. అడిగుంటే ఇచ్చేసేదాన్ని బండి. తుప్పు పట్టిన చక్రాలతోనే ఇచ్చేసేదాన్ని. ఆ సాయంత్రాలు ఉండాయి చూడండి, అవి నావి అనుకున్నా. మీరు పోయినాక నావి అనుకున్నవి అవే.

అన్నం పెట్టినా. తిన్నాడు. పులుసు ఇంకొంచెం వెయ్యక్కా అన్నాడు. వేసినా.

పొద్దున సంజీవరావు గారు డ్రైవరును తీసుకొని వచ్చి, వాకిట్లోనే నిలబడినాడు. "మీకిష్టం లేకుంటే వద్దమ్మా, అడ్వాన్సు నిదానంగా తిరిగి ఇవ్వచ్చు" అన్నాడు. పరాయాయన అడిగినాడు ఆ మాట. తాళాలు నా చేత్తోనే ఇచ్చినా. తీసుకపొండి నాయనా అన్నా. ఉంచుకొని ఏం చేసేది? ఎవురు తోలతారు? ఎక్కినా ఆ సీట్లో మళ్ళీ అట్ట కూర్చోగలనా?

అసలు మాట చెప్పలా మీకు. దీనికోసమే కూర్చున్నా ఇందాకట్నించీ.

బండి పోయినాక, చెప్పులు తొడుక్కుంటా వాడొక మాట అన్నాడు. "బావ బండి నాకే అన్నాడక్కా. ఆసుపత్రిలో ఉన్నప్పుడు. నాది నేను అమ్ముకున్నా."

అన్నారా మీరు?

అని ఉంటే, పక్కన స్టూలు మీద కూర్చొని రాత్రీ పగలూ కాళ్ళు పట్టినదాన్ని, నాకొక మాట చెప్పకూడదా? అనకపోతే, చనిపోయిన మనిషి పేరు చెప్పి వాడు అబద్ధమాడినట్టు. నేనెట్ట తేల్చుకునేది? అడిగితే మీరు చెప్పేది లేదు. వాడు చెప్తే నేను నమ్మేది లేదు.

ఏదైతే ఏందిలెండి. ఇద్దరూ నావాళ్ళే.

ఆదివారం ప్రేమలీలను తీసుకొని వస్తాడంట, ఇక్కడుండే వాళ్ళ సామాన్లు సర్దుకపోయేదానికి. చేపల పులుసు చెయ్యమన్నాడు.

చేస్తాను.