మొగలి బావి దగ్గర కలిసినవాడు

రేపు పొద్దున్నే బయల్దేరి సముద్రం ఒడ్డున ఇసకెంట ఉత్తరానికి పోతారు కదా మీరు, వీపుల మీద ఆ బేగులేసుకుని? పోండి నాయనా, సరదాగా పోండి. అయితే రెండు మైళ్లు దాటాక మొగలిపొదల్లో ఒక పాడుబావి ఉంది, దాని చాయలకి మా ఊళ్లో మేకలు కూడా పోవు. ఎందుకంటారా? ఆ చాప మీద సర్దుక్కూర్చోండి, చెప్తాను. టీ చల్లారిపోతంది, ముందు తాగండి.

నాకప్పుడు ఇరవయ్యేళ్లు. నేనూ, నూకన్నా, పోలన్నా ఒకే ఈడువాళ్లం, ఒకే వలకి చెయ్యేసేవాళ్లం. ఆ ఏడు వైశాఖంలో వేట లేదు, ఇంట్లో కూర్చుంటే తిట్లు తప్ప తిండి లేదు, సరే, కాళ్లు ఎంతవరకు పోతే అంతవరకు పోదామనుకుని, గోనెసంచుల్లో బియ్యం, చింతపండు, ఒక సత్తుగిన్నె, ఒక విసురువల పడేసుకుని వీపులకి తగిలించి బయల్దేరిపోయాం. పనేమీ లేకుండా స్నేహితులతో నడవడం ఎంత హాయో అప్పుడే తెలిసింది. ఉప్పు మర్చిపోయామని కూడా అప్పుడే తెలిసింది, అది వేరే సంగతి.

పొద్దెక్కాక బయల్దేరామేమో, మిట్టమధ్యాహ్నానికి ఆ బావి దగ్గరకొచ్చాం. అప్పట్లో అందులో మంచినీళ్లుండేవి. మా వాళ్లలో ఒక కట్టుబాటుంది, ఒడ్డున బావిలో నీళ్లు తాగి పోయేటప్పుడు చేద బోర్లించి పోవాలి. సముద్రంలో పోయి శవం దొరకనివాళ్లకి దాహం తీరదట, నిండు చేద కనిపిస్తే మనమే పిలిచామనుకుని వెంటపడతారట. నూకన్నకి దయ ఎక్కువ. ఎనకాల ఎవరైనా దాహంతో ఒస్తారేమో పాపం అని, చేద నింపి గట్టు మీద పెట్టాడు. ఒచ్చారు మరి, రాకేం చేస్తారు?

నాలుగడుగులు వేశామో లేదో ఎనక నుంచి ఒకడు, ఉండండయ్యా నేనూ అటే అంటూ ఒచ్చి కలిశాడు. ముప్పయ్యేళ్లుంటాయి, తడి గోచీ, పేరు అప్పలకొండ అన్నాడు. ఏం మాటకారనుకున్నారు! ఏ కెరటం మీద తెప్ప దింపాలో, వాళ్ల మామ ఏ గాలికి ఎలా బోర్లా పడ్డాడో చెప్పి మా పొట్టలు చెక్కలు చేశాడు. పొద్దు వాలుతుంటే వల విసిరి నాలుగు చేపలు పట్టాం, పులుసు నేనెడతానన్నాడు. ఉప్పు లేదన్నాడు పోలన్న. పరవాలేదని, అప్పలకొండ చేత్తో గిన్నె ఒక్కసారి కలిపాడు. కాగే పులుసులో చెయ్యెట్టాడే అని మాకు తోచనే లేదు, ఆకలి అలాంటిది. ఉప్పు ఎంత సరిగ్గా పడిందంటే, ఇన్నేళ్లలో మా ఇంటిదాని చేత కూడా అలా పడలేదు. లోపలుంది, వినదులెండి.

తిని చెయ్యి కడుక్కుంటుంటే తట్టింది నాకు. ఆ ఉప్పెక్కడిది? మధ్యాహ్నం నించీ ఎండలో నడిచినా ఇతని గోచీ ఆరలేదేటి? తలెత్తి చూద్దును కదా, నూకన్న భుజం మీద చెయ్యేసి, కబుర్లు చెప్తూ నీళ్లలోకి తీసుకుపోతన్నాడు. మొలలోతు దాటిపోయారు, మా నూకన్న నవ్వుతానే ఉన్నాడు. పరిగెత్తి నూకన్న జుట్టు దొరకబుచ్చుకుని, వీణ్ణి వదిలెయ్ బాబూ, తల్లికి వీడొక్కడే, నీకేం కావాలో చెప్పు అని ఏడ్చేశాను. సిగ్గేటి, ఏడ్చాను.

అప్పుడతనూ ఏడ్చాడు. తెప్ప బోల్తాపడి ఏడేళ్లయిందని, ఒక్కడే ఉండలేక తోడు కోసం పట్టుకున్నానని, ఇల్లు పాతదిబ్బలపాలెంలోనని, పెళ్లాం పేరు పైడమ్మని చెప్పాడు. ఎల్లి ఆమెకో మాట చెప్తారా అన్నాడు. గంగమ్మ మీద ఒట్టేశాం. ఆ మాట మాకప్పగించి, నూకన్నని వదిలి, కెరటంలో కలిసిపోయాడు.

ఇంక రెండ్రోజులు నడిచాం. పైడమ్మ బొట్టుతోనే ఉంది. మొగుడు కలకత్తా పారిపోయి ఇంకోదాన్ని కట్టుకున్నాడని ఊరంతా చెప్పుకుంటన్నారు, ఆవిడా అదే నమ్మింది. మేం ముగ్గురు కుర్రాళ్లం ఒచ్చి కాదంటే వింటుందా? అందుకని అతను చెప్పమన్నదే చెప్పాం. ఆ పొద్దున గంజిలోకి ఉల్లిపాయ లేదని విసుక్కున్న మాట నిజమే గానీ, అలిగి పోలేదే, సాయంత్రానికి ఒచ్చేద్దామనే ఎల్లానే అన్నాడమ్మా అని. ఆ ఉల్లిపాయ సంగతి వాళ్లిద్దరికి తప్ప ఎవరికి తెలుసు? ఆవిడ గుంజ పట్టుకుని కూలబడింది. ఏడేళ్ల ఏడుపూ ఒక్కసారే ఏడ్చి, నన్నొదిలేసి పోలేదన్నమాట అంది. కాసేపటికి లేచి, పొయ్యి ముట్టించి, మాకు అన్నం వండిపెట్టింది. మర్నాడు ఒడ్డున కర్మ చేయించింది. మేం మళ్లీ పాటలు పాడుకుంటా ఇంటికొచ్చేశాం.

ఆ తరవాత అప్పలకొండ ఎవరికీ కనపడలేదు. అయితే దెయ్యం లేదు కదా తాతా, బావి చూసి పోతామంటారా? దెయ్యం పోయింది గానీ బావి పోలేదు. గట్టు కూలిపోయింది, పొదలు కమ్మేసి గొయ్యి ఎక్కడుందో తెలీదు. అప్పలకొండ కబురు మొయ్యడానికి మాకు ఆరు కాళ్లుండేవి. నూకన్నా పోయాడు, పోలన్నా పోయాడు, నా రెండు కాళ్లూ ఈ వాకిలి దాటవు. అందులో పడితే మీ ఇళ్లకి ఎవరెల్లి చెప్తారు? అటు పోకండి.