బావ బదులు ఊదినవాడు

నా పేరు, తండ్రి పేరు పైన రాసుకున్నారు. వయసు ముప్పై నాలుగు. పద్నాలుగు అంతస్తుల కట్టడం దగ్గర క్రేన్‌కు కింద నుంచి సిగ్నల్ ఇవ్వడం నా పని. క్రేన్ నడిపేది మా అక్క భర్త. నన్ను ఈ పనిలో పెట్టించింది ఆయనే.

రోజూ పొద్దున గేటు దగ్గర అందరం తాగామో లేదో తెలిపే యంత్రంలో ఊదాలి. కాపలాదారు హెల్మెట్ మీది నంబరు చూసి రాసుకుంటాడు. ముఖం చూడడు. ఆరు నెలల క్రితం బావ నా గడ్డం పట్టుకుని, "ఈ ఒక్కసారికి నా బదులు ఊదరా. ఈ పని పోతే మీ అక్క ఏమైపోతుందో ఆలోచించు" అన్నాడు. నా హెల్మెట్‌తో ఒకసారి, ఆయన హెల్మెట్‌తో ఒకసారి ఊదాను. ఆయన వెనక వైపు రేకుల కంచె సందులోంచి లోపలికి వచ్చాడు. తర్వాత తర్వాత అడగడం కూడా మానేశాడు. హెల్మెట్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయేవాడు.

భయం వేయలేదా అని అడిగారు. వేసింది. క్రేన్ కొక్కెం కదిలినప్పుడల్లా దాని కింద ఎవరైనా ఉన్నారేమోనని చూసేవాణ్ని. అన్నం సహించేది కాదు. అక్కకు చెబితే, "నువ్వు నోరు విప్పావంటే మా పొయ్యి ఆరిపోతుందిరా" అంది. అప్పటికి ఆమె ఎడమ కన్ను వాచి ఉంది. తలుపు తగిలిందంది. నేను మళ్లీ అడగలేదు.

నిన్న ఉదయం ఏడుంబావుకు రెండుసార్లు ఊదాను. తొమ్మిది నలభైకి ఇనుప చువ్వల కట్ట పైకి లేచింది. కింద చువ్వలు వంచే మేస్త్రి, ఆయన భార్య పని చేస్తున్నారు. మనుషుల మీదుగా కట్టను తిప్పకూడదు. తిప్పాడు. నేను వాకీటాకీలో, "బావా, ఆపు. కింద మనుషులున్నారు" అన్నాను.

"ఎవరు మాట్లాడేది?"

"నేనే బావా. హ్యాండిల్ వదిలెయ్, క్రేన్ ఆగిపోతుంది."

"మా బామ్మర్దికివ్వు. వాడు చెబితేనే ఆపుతా."

బామ్మర్దంటే నేనే. నేనే బావా, నేనే అని ఎన్నిసార్లు అన్నానో తెలియదు. కట్ట ఊగి ఆరో అంతస్తు అంచుకు తగిలింది, చువ్వలు జారడం మొదలైంది. వాకీటాకీ పారేసి పరిగెత్తాను. మేస్త్రి భార్య నాకు దగ్గరగా ఉంది. ఆమెను లాగాను. మేస్త్రి అటువైపు ఉన్నాడు. చువ్వలు పడ్డ చప్పుడు ఆగాక ఆమె నా చొక్కా పట్టుకుని, "ఆయన్ని పిలువన్నా, వినపడలేదేమో. గట్టిగా పిలువన్నా" అంటూనే ఉంది. నేను పిలిచాను. పిలిచి లాభం లేదని తెలిసే పిలిచాను.

బావను పైనుంచి దింపేసరికి పదిన్నర. నన్ను చూసి, "గాలి ఎక్కువగా ఉందిరా ఇవాళ" అన్నాడు. గాలి లేదు.

కట్టకు వేసిన గొలుసు తెగిందని చెప్పమని కాంట్రాక్టరు మనిషి అన్నాడు. గొలుసు తెగలేదు. అక్క ఈ పోలీసు స్టేషన్ మెట్ల మీదే కూర్చుని ఉంది. నేను లోపలికి వస్తుంటే, "ఏం చెబుతావురా?" అంది. ఆమె పక్కనుంచి మెట్లెక్కి వచ్చేశాను. ఇప్పుడు ఆ మెట్లు దిగాలంటే భయంగా ఉంది.

నన్ను ఎవరూ బెదిరించలేదు, ఆశ పెట్టలేదు. రాసింది చదివి వినిపించారు. కాగితం మీద "తాగి ఎక్కాడు" అని ఉంది. దాని పక్కన "నేను ఎక్కనిచ్చాను" అని రాయించాను. ఇప్పుడు సరిగ్గా ఉంది.

(సంతకం)