కుర్చీ మాత్రమే స్పష్టంగా వచ్చిన ఫోటో

అందరికీ వందనాలు. నాట్లు ఆపుకొని హవేలిఘనపూర్ నుంచి, శివ్వంపేట నుంచి వచ్చిన పెద్దలకు, మన చర్చివారికి, జ్ఞానమ్మ ఆంటీకి, అనూప్ అన్నకు. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. అందుకే రాసుకొచ్చింది చదువుతాను.

నా పేరు నిస్సి. నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం, ఆరాధన అయ్యాక, ఏలీయా అంకుల్ స్టూడియోలో ఫోటోలు తీయడం నేర్చుకున్నాను. పోయిన మంగళవారం ఆయన వెళ్లిపోయారు. నాకు దుఃఖం ఉంది. దానికంటే ఎక్కువగా కోపం ఉంది. పెద్దలు క్షమించాలి.

ఒకసారి వేదిక మీద దండ వేసిన ఫోటో చూడండి. ముఖం మసకగా ఉంది కదూ? వెనకాల కుర్చీ మాత్రం చెక్క మీది గీతలతో సహా కనిపిస్తోంది. ఆ ఫోటో తీసింది నేనే.

మెదక్‌లో ఎన్ని ఇళ్ల గోడల మీద ఆయన తీసిన ఫోటోలకు దండలున్నాయి? మీకే తెలుసు. అలాంటి మనిషికి మిగిలింది ఇదా?

అంకుల్ దగ్గర డిజిటల్ కెమెరా ఉండేది. కొడుకు అనూప్ అన్న కొనిచ్చాడు. దానంతట అదే ముఖాన్ని వెతికి పట్టే కొత్త లెన్సు కూడా దానితో వచ్చింది. అంకుల్ ఆ డబ్బా విప్పలేదు. రీలు కెమెరా కాలంనాటి తన ఇనుప లెన్సునే దానికి బిగించారు. ఆ కెమెరా ఆ లెన్సును గుర్తించదు. లెన్సే పెట్టలేదని తెర మీద రాసి చూపిస్తుంది. వెలుతురు మనమే లెక్కగట్టాలి, ముఖం తేటగా కనిపించేదాకా లెన్సు మీది రింగు మనమే తిప్పాలి. అద్దంలోంచి చూస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది. తీశాక చూస్తే కంటికి బదులు చెవి స్పష్టంగా వచ్చి ఉంటుంది. నేను ఏడ్చినంత పని చేసేదాన్ని.

ఎందుకు అంకుల్ ఈ బాధ, అని ఒకసారి గట్టిగానే అడిగాను. ఆయన లెన్సు తుడుస్తూ, "ఎవల్ని సూడాల్నో గా కొత్తది అదే చెప్తది బిడ్డా. ఇగ నేనెందుకు మరి?" అన్నారు.

ఈ మొండితనానికి ఏం మూల్యం చెల్లించారో మీకు తెలుసు. హవేలిఘనపూర్‌లో ఎల్లం గారి బిడ్డ పెళ్లి. పుస్తె కడుతున్నారు. అంకుల్ రింగు తిప్పుతూనే ఉన్నారు. పెళ్లికొడుకు వైపువాళ్లు, "గా లెన్సు నీ పెండ్లినాటిదా ఏంది కాకా? జల్ది తియ్యి!" అని అరిచారు. అందరూ నవ్వారు. అది నిజంగానే ఆయన పెళ్లయిన ఏడాది కొన్నదే. ఆయన నొక్కేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి. ఫోటో రాలేదు. వాళ్ల కోపంలో తప్పు లేదు. ఆ తర్వాత ఆయన్ను పెళ్లిళ్లకు ఎవరూ పిలవలేదు. నాకు వాళ్ల మీద కోపం లేదు, అంకుల్ మీద ఉంది. ఆ కొత్త లెన్సు డబ్బా బీరువాలోనే ఉంది కదా?

మరి శివ్వంపేట రామమ్మ? పింఛను కాగితానికి ఫోటో కావాలని వచ్చింది. జన్మలో ఫోటో దిగలేదు. బిగుసుకుపోయింది. అంకుల్ ఆమెను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఆమె బర్రెల గురించి అరగంట అడిగారు. అడుగుతూనే రింగు తిప్పారు. పింఛను కాగితానికి ఇంత అవసరమా అని గడియారం చూసుకున్నాను. ఈ రోజు ఆ ఫోటో రామమ్మ ఇంట్లో గోడ మీద ఉంది. నవ్వబోతున్న ముఖం. కనురెప్పలు లెక్కపెట్టవచ్చు. ఆమె కొడుకు ఇక్కడే కూర్చున్నాడు.

ఇక నా ఫోటో సంగతి. పోయిన నెల ఎంతో బతిమాలితే అంకుల్ మొదటిసారి కుర్చీలో కూర్చున్నారు. ఆయన లెన్సే. నేను రింగు తిప్పి కంటి మీదికి తెచ్చాను. నొక్కే క్షణంలో ఆయన, వెలుతురు చాలదని చెప్పడానికి, ముందుకు వంగారు. జీవితమంతా మనల్ని కదలనివ్వని మనిషి, తానే కదిలారు! తెర మీద చూసుకొని ఒకటే నవ్వు. "కుర్చీ మస్తొచ్చింది బిడ్డా. నేనే నడుమ అడ్డమొచ్చిన" అన్నారు. ఇంకొకటి తీస్తానన్నాను. "వచ్చే ఐతారం తీద్దాం తియ్యి" అన్నారు. ఆ వచ్చిన ఆదివారం నాకు పరీక్ష. ఆ తర్వాతి ఆదివారం వాన. ఆ తర్వాత మంగళవారం వచ్చింది.

మొన్న అనూప్ అన్న ఆ ఫోటోను ఫోన్లో ఏదో యాప్‌లో పెట్టాడు. ముఖం తేటపడింది. ముడతలు పోయాయి, కళ్లు మెరిశాయి. ఇన్నేళ్లు ఆయనతో కాపురం చేసిన జ్ఞానమ్మ ఆంటీ చూసి, "గీయన ఎవలు?" అంది. అందుకే ఈ మసక ఫోటోనే పెట్టాం.

అంతకుముందు అందరి ఫోన్లూ వెతికాం. మీ ఫోన్లు కూడా. పుట్టినరోజులు, బాప్తిస్మాలు, బిర్యానీ ప్లేట్లు, వేల ఫోటోలు. వాటిలో అంకుల్ మోచేయి ఉంది. వీపు ఉంది. కెమెరా వెనక సగం ముఖం ఉంది. మొత్తం మనిషి ఒక్కదానిలోనూ లేడు. ఇన్నేళ్లలో ఒక్కసారి, మీరు కూడా నిలబడండి అని మనలో ఎవరైనా అన్నామా? కెమెరాకు ఆ లెన్సు కనపడకపోవడం సరే. మనకేమైంది?

నిన్న ఆంటీ ఆ లెన్సు నా చేతిలో పెట్టింది. మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చూపే అంకెలు ఆయన వేళ్ల కింద అరిగిపోయి ఉన్నాయి. నేను ఇంకా దానితో ఒక్క ఫోటో తీయలేదు. తీయగలనో లేదో తెలియదు.

ఒక్కటే అడుగుతాను. "కదలకుండ్రి, జర ఆగుండ్రి" అని ఆయన అనగా వినని వాళ్లు ఈ హాల్లో లేరు. వింటూనే విసుక్కున్నాం. ఇంకా ఎంతసేపు అన్నాం. నేనూ అన్నాను.

దయచేసి అందరూ లేచి నిలబడండి. ఫోన్లు లోపల పెట్టండి. రెండు నిమిషాలు. ఆయన రింగు తిప్పడానికి పట్టేంతసేపు.

ఈసారి ఎవరూ కదలొద్దు.