పాప వేసిన ముడి

వీధి చెట్ల బాగోగులు చూసే ఉద్యోగిని మోకాళ్ళ మీద కూర్చుని చెట్టు మొదలు తడిమి చూస్తోంది. ఎదురింటి పెద్దాయన నీళ్ళ బకెట్టు దించకుండా ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"బాబాయ్, ఈ ఇనప తీగ ఎవరు కట్టారు?"

"మా అమ్మాయి. మొక్క వాలిపోకుండా కర్రకి కట్టింది. అప్పటికి దానికి పదేళ్ళు."

"మొక్క నిలదొక్కుకున్నాక విప్పెయ్యాలి. మహా అయితే రెండేళ్ళు. ఇది చూడండి, బెరడులోకి దిగిపోయి గొంతు నులిమేసింది."

"నీళ్ళు చాలడం లేదనుకున్నానమ్మా. ఏటికేడు చిగుళ్ళు పలచబడుతుంటే, ఎండాకాలం రెండు బకెట్లు పోసేవాణ్ణి నాలుగు పోశాను. ఈసారి ఊడవడానికి గుప్పెడు ఆకులు కూడా రాలలేదు."

"ఎన్ని పోసి ఏం లాభం బాబాయ్, పైకెక్కే దారేది?"

"ఇక బతకదా?"

"బతకదు. వానల్లో ఎవరి మీదైనా పడకముందే కొట్టెయ్యాలి. ఇన్నేళ్ళలో అమ్మాయిగారైనా చూడలేదా?"

"అది లేదమ్మా. మొక్క నాటిన ఏడే జ్వరమొచ్చి పోయింది. విప్పుదామని రెండుసార్లు పట్టకారు తెచ్చాను. ముడి చూస్తే చేతులు రాలేదు."

ఆమె ముడి చెదరకుండా తీగ కత్తిరించి, ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇక్కడే కొత్త మొక్క వేస్తాను. నీళ్ళు పోస్తారా?"

"పోస్తాను. కర్రకి నువ్వే కట్టు. రెండేళ్ళకి గుర్తుపెట్టుకుని వచ్చి నువ్వే విప్పు."

"మీరు ఎదురుగానే ఉంటారుగా బాబాయ్."

"ఉంటానమ్మా. కానీ నువ్వు కట్టిందైనా సరే, నేను విప్పలేను."