ఉప్పు లేదన్న తాత

"అవ్వా, తాత గిలాస కింది నిమ్మకాయ ఎట్ల మాయమైతుండె?"

ఆఁ? నిమ్మకాయనా? ముందుగాల బువ్వ తిను బిడ్డ, చెప్త. గిట్ల మబ్బు పట్టిందంటే నాకు పోయిన మీ తాతనే యాదికొస్తడు. కండ్లు మూసుకుంటే సాలు, డోర్నకల్ టేషన్ బయట గుండ్రంగ నిలవడ్డ జనం, డప్పు సప్పుడు... డప్పు కాదు, డోలు. చాయ పది పైసలుండె అప్పుడు. పావలా అని మీ నాయిన అంటడు గని, ఆనికేం తెలుసు, అప్పుడు నా సంకల ఉన్నడు.

జనమంత తాత చేతినే చూస్తుండె. చేతిల ఏముందే? అసలు కత నా నోట్ల ఉండె! నేను ఎవరో తెల్వనట్టు నెత్తిన గంప పెట్టుకొని జనంల నిలవడేదాన్ని. ఆయన ఇత్తడి గిలాస కింద నిమ్మకాయ పెట్టి దగ్గేటోడు. ఆ దగ్గే నాకు సైగ. "ఓ మనిషీ! పొయ్యి మీద ఎసరు మసులుతుంటే ఈడ గారడి చేస్తున్నవా, నీ మొఖం మన్నువడ!" అనుకుంట జొచ్చుకొచ్చేదాన్ని. ఇగ చూడు, మొఖాలన్ని పొద్దుతిరుగుడు పూల లెక్క నా దిక్కు మర్లేటియి. కిసకిస నవ్వుడు. గంతల్నే నిమ్మకాయ పాయె. అది పోంగ నేను ఎన్నడు చూడలే బిడ్డ, నిజం. తిట్టుడే నా పని. ఇప్పుడైతే అందరు సెల్లు పట్టుకుంటరు గదా, సెల్లుకు మెడ ఉంటదా మర్లనీకి?

ఏం చెప్తున్న... ఆఁ, పోయిన వానకాలం. తాత తిండికాడ కొట్లాట మొదలువెట్టిండు. "పప్పుల ఉప్పేది?" "కోడి గింజలు తింటున్నది, చూడు." "బయట ఎవరో పిలుస్తున్నరు." రోజు గిదే. నేను గొణుక్కుంట అటు మర్లేదాన్ని. ఇటు చూసేవరకు బుక్క నోట్ల ఉండేది.

ఒకనాడు అటు మర్లితే ఎదురుంగ స్టీలు బిందె మెరుస్తున్నది. అండ్ల కనవడ్డది. కుడిచెయ్యి లేస్తలేదు. ఎడమచేత్తోని కుడి మణికట్టు పట్టుకొని నోటికాడికి లేపుతున్నడు. రాలిన మెతుకులు గబగబ ఏరి లుంగి కింద దాస్తున్నడు. గారడోని చెయ్యి బిడ్డ, గది!

నా పానం ఉసూరుమన్నది. కోపం సుత వచ్చింది, నా తిట్లతోని బతికినోడు నా మీదనే ఆట ఆడుతడా అని. గని జనంల ఎవడన్న "దొరికిండు" అంటే ఆయన మొఖం ఎట్ల వాడిపోతుండెనో నాకెరుకే గదా. ఆ మాట నేనే ఎట్లంట?

అనలే. "నా మోకాళ్లు గుంజుతున్నయి, జర తోడు రా" అని మానుకోట దవాఖానకు తోలుకపోయిన. డాక్టరమ్మకు సైగ చేసిన. నా మోకాలు చూసుకుంట చూసుకుంటనే "తాతా, ఏదీ, నీ చెయ్యి గిట్లియ్యి" అన్నది. మంచి పిల్ల. నరం సచ్చుబడ్డది, మునుపటి లెక్క రాదని నన్ను పక్కకు పిలిచి చెప్పింది. బలానికి ఇద్దరం మింగాలన్నదని చెప్పి ఆయనకు గోలీలిచ్చిన.

ఇగ ఉప్పు లేదంటే ఉప్పు డబ్బకాడికి పోయి నిలవడేదాన్ని. జర ఆలస్యంగనే మర్లేదాన్ని.

గిసొంటి ముసురు రోజే. బువ్వ వెట్టి, ఆయన అనకముందే తలుపు దిక్కు మర్లి నిలవడ్డ. ఉప్పు మాట రాలే.

"ఇటు చూడవే" అన్నడు.

బతుకంత లోకాన్ని అటు చూడుమన్న మనిషి. మర్లిన. చెయ్యి కంచం పక్కన పెట్టిండు, దాచుకోలే. "నీకు ఎప్పటిసంది ఎరుక?" అన్నడు.

"ఏంది ఎరుక?" అన్న నేను.

నవ్విండు. నేను పక్కన కూసొని పప్పు కలిపి ముద్ద వెట్టిన. మెల్లగ నమిలి, "ఉప్పు మంచిగనే ఉన్నదే" అన్నడు.

గంతే బిడ్డ. సల్లంగుండు. రేపు పెండ్లైనంక నీ మనిషి ఊకె ఉప్పు లేదని కొట్లాడితే డబ్బకాడికి ఉరుకకు, ముందుగాల ఆయన చెయ్యి చూడు... తిను, తిను. అగో, రైలు కూత పెట్టింది... గోల్కొండనో, ఏదో...